భాగం 7: ఔషధంగా తేనె – ఆరోగ్య ప్రభావాలు, భద్రత

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• తేనెలో ఉండే పదార్థాలను, వాటి పోషక విలువను వివరించగలుగుతారు.
• తేనె సూక్ష్మజీవులను అడ్డుకునే విధానాన్ని, దాని పరిమితిని తెలుసుకుంటారు.
• పుండుపై వాడే తేనెకు, తినే తేనెకు తేడా చెప్పగలుగుతారు.
• తేనె ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి ప్రమాదకరమో కారణాలతో వివరించగలుగుతారు.

7.1 పరిచయం

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం సంపర్క తరగతిలో నేను తేనె గురించి పాఠం చెప్పాను. తరగతి ముగిశాక ఒక విద్యార్థిని వచ్చి నిలబడింది. ఆమెకు అప్పుడు ఏడో నెల. "సార్, మా ఇంట్లో బిడ్డ పుట్టగానే నాలుకకు తేనె రాసే ఆచారం ఉంది. మా అత్తగారు ఇప్పటినుంచే అడవి తేనె తెప్పించి సీసాలో దాచారు. ఆస్పత్రిలో డాక్టరమ్మ వద్దంటున్నారు. తేనె ఔషధం అని మీరే ఇప్పుడు చెప్పారు. నేను ఎవరి మాట వినాలి?" అని అడిగింది.

అది న్యాయమైన ప్రశ్న. నా పాఠంలో ఒక లోపం ఉందని కూడా ఆ ప్రశ్న చూపించింది. "తేనె ఔషధం" అని చెప్పి ఊరుకుంటే అది సగం మాటే అవుతుంది. ఏ పదార్థాన్ని ఔషధం అన్నా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరికి? దేనికి? ఎంత? ఏ మార్గంలో, అంటే నోటి ద్వారానా, చర్మం మీదనా? ఈ నాలుగింటికీ జవాబు దొరికినప్పుడే అది ఔషధం. జవాబు మారితే అదే పదార్థం మామూలు ఆహారం కావచ్చు, హానికరం కూడా కావచ్చు. ఈ భాగమంతా తేనెను ఈ నాలుగు ప్రశ్నలతో పరిశీలిస్తుంది.

7.2 తేనెలో ఏముంది?

పువ్వుల్లోని మకరందంలో నీరు చాలా ఎక్కువ. తేనెటీగలు దాన్ని తమ ఎంజైములతో కలిపి, రెక్కలతో విసిరి, నీటిని ఆవిరి చేసి తేనెగా మారుస్తాయి. అలా తయారైన తేనెలో సగటున 38 శాతం ఫ్రక్టోజ్, 31 శాతం గ్లూకోజ్, 17 శాతం నీరు ఉంటాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఇతర చక్కెరలే. సేంద్రియ ఆమ్లాలు, ఎంజైములు, ఖనిజాలు, పుప్పొడి, మొక్కల నుంచి వచ్చే ఫినాలిక్ పదార్థాలు చాలా కొద్ది పరిమాణంలో ఉంటాయి. తేనెకు రంగు, వాసన, రుచి ఇచ్చేవి ముఖ్యంగా ఈ కొద్దిపాటి పదార్థాలే.

100 గ్రాముల తేనె సుమారు 304 కిలోక్యాలరీల శక్తినిస్తుంది. ఒక టీ చెంచా తేనె దాదాపు 7 గ్రాములు ఉంటుంది. అందులో 6 గ్రాముల వరకు చక్కెర, 21 కిలోక్యాలరీలు ఉంటాయి. అదే చెంచాతో పంచదార తీస్తే 4 గ్రాములు, 16 కిలోక్యాలరీలు. గ్రాముకు గ్రాము చూస్తే తేనెలో క్యాలరీలు తక్కువే. కానీ తేనె చిక్కనిది కాబట్టి చెంచాకు చెంచా చూస్తే ఎక్కువ. బరువు తగ్గాలని పంచదార మాని, అన్నే చెంచాల తేనె వాడేవారు ఈ లెక్క గమనించాలి.

"తేనె తింటే రక్తం పడుతుంది" అనే నమ్మకం కూడా ఉంది. 100 గ్రాముల తేనెలో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. మనం తినే ఒకటి రెండు చెంచాల్లో లెక్కకు వచ్చేంత ఇనుము లేదు. రక్తహీనత ఉన్న గర్భిణి ఐరన్ మాత్రలు మాని తేనెపై ఆధారపడితే నష్టపోతుంది.

7.3 తేనె ఎందుకు చెడిపోదు?

తేనె ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. దీనికి కారణాలు నాలుగు.

మొదటిది నీటి కొరత. తేనెలోని నీరు చక్కెర అణువులతో బంధించబడి ఉంటుంది. అందులో పడిన బాక్టీరియా నుంచే ద్రవాభిసరణ వల్ల నీరు బయటికి లాగబడుతుంది. ఊరబెట్టిన పచ్చడిని ఉప్పు కాపాడినట్లే తేనెను చక్కెర కాపాడుతుంది.

రెండవది ఆమ్లత. తేనె పి.హెచ్. విలువ సగటున 3.9. చాలా బాక్టీరియాలు ఈ పులుపులో పెరగలేవు.

మూడవది హైడ్రోజన్ పెరాక్సైడ్. తేనెటీగలు కలిపే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, తేనె కొద్దిగా పలుచబడినప్పుడు గ్లూకోజ్ నుంచి దీన్ని నెమ్మదిగా తయారు చేస్తుంది.

నాలుగవది మొక్కను బట్టి వచ్చే ప్రత్యేక పదార్థాలు. న్యూజిలాండ్‌లోని మనుకా పొద పూల తేనె ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దాని బాక్టీరియా నిరోధక శక్తికి మిథైల్ గ్లైఆక్సాల్ ముఖ్య కారణమని 2008లో శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఇక్కడ ఒక పరిమితిని జాగ్రత్తగా గమనించండి. తేనె బాక్టీరియాను పెరగనివ్వదు. కానీ కొన్ని బాక్టీరియాలు కష్టకాలంలో దళసరి కవచం ఉన్న సిద్ధబీజాలుగా మారతాయి. అవి తేనెలో పెరగవు, కానీ చావవు కూడా. ఎండాకాలమంతా నేలలో ఉండి తొలకరికి మొలిచే గింజల్లా, అనుకూలమైన చోటు దొరికేవరకు నిద్రాణంగా ఉంటాయి. 7.7లో చెప్పబోయే ప్రమాదానికి మూలం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1) ఒక చెంచా తేనెలో ఒక చెంచా పంచదార కంటే ఎక్కువ క్యాలరీలు ఎందుకు ఉంటాయి?
2) తేనె బాక్టీరియాను పెరగనివ్వదు. అయినా తేనెలో సిద్ధబీజాలు ఎలా బతికి ఉంటాయి?

7.4 పుండు మీది తేనె, నోట్లోని తేనె

గాయాలకు తేనె పూయడం చాలా పాత వైద్యం. క్రీ.పూ. 1600 ప్రాంతానికి చెందిన ఈజిప్టు వైద్యగ్రంథం ఎడ్విన్ స్మిత్ పాపిరస్‌లో ఈ పద్ధతి కనిపిస్తుంది. మన సుశ్రుత సంహిత తేనెను ఎనిమిది రకాలుగా విభజించింది. ఆధునిక పరిశోధన ఈ వాడకాన్ని కొంతవరకు సమర్థించింది. చికిత్సా ప్రయోగాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం, లోతు తక్కువగా ఉన్న కాలిన గాయాలు మామూలు కట్ల కంటే తేనెతో త్వరగా మానతాయి. ఆపరేషన్ తరువాత చీము పట్టిన గాయాల విషయంలోనూ ఇలాంటి మేలే కనిపించింది. అన్ని రకాల పుండ్లకూ ఈ మాట వర్తించదు. కాలి సిరల లోపం వల్ల వచ్చే పుండ్లలో స్పష్టమైన ప్రయోజనం కనిపించలేదు.

ఆస్పత్రుల్లో గాయాలకు వాడే తేనె మన వంటింటి సీసాలోది కాదు. దాన్ని వడగట్టి, గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. వేడి చేస్తే ఎంజైములు నశిస్తాయి కాబట్టి కిరణాలు వాడతారు. ఈ శుద్ధిలో సిద్ధబీజాలు చనిపోతాయి. కాబట్టి మధుమేహం ఉన్నవారు కాలి పుండుకు ఇంట్లోని తేనె పూసుకుని ఆస్పత్రికి వెళ్ళడం ఆలస్యం చేయకూడదు.

మరి పుండు మీద పనిచేసిన తేనె, తింటే కడుపులోని క్రిములను చంపుతుందా? పుండు మీద తేనె చిక్కగా, గంటల తరబడి ఒకేచోట ఉంటుంది. మింగిన చెంచా తేనె లాలాజలంలో, జఠరరసంలో కలిసి పలుచనైపోతుంది. దాని చక్కెరలు పేగుల్లో శోషణ చెందుతాయి. పెరాక్సైడ్‌ను మన శరీరంలోని ఎంజైములే విడగొడతాయి. అంటే నిరోధక శక్తికి కారణమైన పరిస్థితులే అక్కడ మిగలవు. అందువల్ల గాయాల మీద చేసిన పరిశోధనను చూపి, ఖరీదైన తేనె తింటే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని ప్రచారం చేయడం సరికాదు. మార్గం మారితే ఫలితం మారుతుంది.

7.5 దగ్గుకు తేనె

నోటి ద్వారా తీసుకున్న తేనెకు మంచి ఆధారం ఉన్న ఉపయోగం ఒకటుంది. అది జలుబుతో వచ్చే దగ్గు. మిరియాల పొడో శొంఠి పొడో తేనెలో రంగరించి నాకించే అలవాటు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది.

2007లో అమెరికాలో 2 నుంచి 18 ఏళ్ళ వయసున్న 105 మంది పిల్లలపై ఒక అధ్యయనం జరిగింది. పడుకునే ముందు కొందరికి తేనె, కొందరికి తేనె రుచి కలిపిన దగ్గు మందు ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తల్లిదండ్రులు చెప్పిన వివరాల ప్రకారం, తేనె తీసుకున్న పిల్లల్లో రాత్రి దగ్గు ఎక్కువగా తగ్గింది. 2012లో ఇజ్రాయెల్‌లో 1 నుంచి 5 ఏళ్ళ పిల్లలు 300 మందిపై చేసిన అధ్యయనంలో మూడు రకాల తేనెలను ఖర్జూరపు పాకంతో పోల్చారు. అక్కడ కూడా తేనెదే పైచేయి. రెండవ అధ్యయనంలో పోల్చినది కూడా తియ్యటి, చిక్కటి పాకమే కాబట్టి ఆ ఫలితానికి విలువ ఎక్కువ.

ఈ మేలుకు హద్దులు ఉన్నాయి. తేనె వైరస్‌ను చంపదు. గొంతుకు పూతలా పట్టి, దగ్గు తెరను తగ్గించి, నిద్ర పట్టేలా చేస్తుంది. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా నుంచి చెంచా, పెద్దపిల్లలకు, పెద్దవారికి ఒకటి రెండు చెంచాలు సరిపోతాయి. తరువాత నోరు పుక్కిలించడం మంచిది, ఎందుకంటే పంచదారలాగే తేనె కూడా పళ్ళను పుచ్చిస్తుంది. బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా తేనెతో కాలయాపన చేయకూడదు. అది న్యుమోనియా కావచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే ఏ వయసువారైనా క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అది ఉచితం.

7.6 మధుమేహం ఉన్నవారికి తేనె

"తేనె సహజమైనది, షుగర్ పెంచదు" అనే మాట మనం తరచూ వింటాం. తేనెలో ఉన్నది కూడా గ్లూకోజే. అది రక్తంలో చేరితే పువ్వు నుంచి వచ్చిందా, చెరకు నుంచి వచ్చిందా అని శరీరం తేడా చూడదు. ఫ్రక్టోజ్ పాలు ఎక్కువ కావడం వల్ల కొన్ని తేనెలు రక్తంలో గ్లూకోజును పంచదార కంటే కాస్త నెమ్మదిగా పెంచుతాయి. అయినా పెంచడం మాత్రం తప్పదు.

ఇరాన్‌లో 48 మంది మధుమేహ రోగులపై ఎనిమిది వారాలు జరిపిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. తేనె తీసుకున్నవారిలో శరీర బరువు, కొలెస్టరాల్ కొంత తగ్గాయి. కానీ సుమారు మూడు నెలల సగటు గ్లూకోజును తెలిపే హెచ్.బి.ఎ.1సి. విలువ పెరిగింది. ఇలాంటి అధ్యయనంలోని మొదటి సగాన్ని మాత్రమే ప్రకటనలు ప్రచారం చేస్తాయి. చదువుకున్న మనం రెండో సగం కూడా చదవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెలోని చక్కెరను కూడా తగ్గించుకోవలసిన చక్కెరల్లోనే చేర్చింది. రోజువారీ శక్తిలో వీటి వాటా 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిది. 2000 కిలోక్యాలరీలు తీసుకునేవారికి 5 శాతం అంటే 25 గ్రాములు. కాఫీ, టీల్లోని పంచదార, మిఠాయిలు, తేనె అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మధుమేహం ఉన్నవారు తేనెను మందుగా కాక చక్కెరగానే లెక్కించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3) గాయంపై పనిచేసిన తేనె కడుపులో అలాగే ఎందుకు పనిచేయదు?
4) ఖర్జూరపు పాకంతో పోల్చిన అధ్యయనానికి ఎందుకు ఎక్కువ విలువ ఇవ్వాలి?

7.7 ఏడాది లోపు శిశువులకు తేనె

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు మట్టిలో, దుమ్ములో ఉంటాయి. తేనెలోకి కూడా చేరవచ్చు. పెద్దవారు అలాంటి తేనె తిన్నా ఏమీ కాదు. మన పేగుల్లో స్థిరపడిన కోట్లాది మేలుచేసే బాక్టీరియాలు వాటికి చోటివ్వవు. శిశువు పేగుల్లో ఈ రక్షణ ఇంకా ఏర్పడదు. అక్కడ సిద్ధబీజాలు మొలకెత్తి, పెరిగి, విషాన్ని తయారు చేయగలవు. ఆ విషం నాడి నుంచి కండరానికి సంకేతం చేరకుండా అడ్డుకుంటుంది. దీన్ని శిశు బొట్యులిజం అంటారు. 1976లో కాలిఫోర్నియాలో ఈ వ్యాధిని గుర్తించారు. కొన్ని కేసులకు తేనెతో సంబంధం ఉందని 1979లో అక్కడి పరిశోధకులే చూపారు.

లక్షణాలు మలబద్ధకంతో మొదలవుతాయి. తరువాత బిడ్డ పాలు సరిగా చీకదు. ఏడుపు సన్నగిల్లుతుంది. రెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు, ఒళ్ళంతా మెత్తబడుతుంది. శ్వాస కండరాల వరకు పాకితే వెంటిలేటరు అవసరమవుతుంది. ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళి, తేనె పెట్టి ఉంటే ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. సకాలంలో చికిత్స అందితే చాలామంది బిడ్డలు కోలుకుంటారు.

ఈ విషయంలో ఇంట్లో వినిపించే వాదాలు మూడు.

"మా బిడ్డలందరికీ పెట్టాం, ఏమీ కాలేదు." ఇది నిజమే కావచ్చు. ఈ వ్యాధి అరుదైనది. అన్ని తేనెల్లోనూ సిద్ధబీజాలు ఉండవు. కానీ ఏ సీసాలో ఉన్నాయో చూసి, రుచి చూసి చెప్పలేం. చుక్క తేనె వల్ల నవజాత శిశువుకు కలిగే లాభం ఏమీ లేదు. లాభం లేనిచోట చిన్న ప్రమాదాన్నైనా ఎందుకు కొనితెచ్చుకోవాలి?

"ఇది కల్తీ లేని అడవి తేనె." సిద్ధబీజాలు కల్తీ వల్ల రావు, ప్రకృతి నుంచి వస్తాయి. కాబట్టి స్వచ్ఛత ఇక్కడ రక్షణ కాదు.

"కాచి చల్లార్చి పెడతాం." ఈ సిద్ధబీజాలు మరిగే నీటి వేడికి చావవు. వాటిని చంపడానికి పీడనంతో కూడిన 121 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

కాబట్టి పన్నెండు నెలలు నిండేవరకు బిడ్డకు ఏ రూపంలోనూ తేనె ఇవ్వకూడదు. వస అరగదీసి తేనెతో నాకించడం, చూర్ణాలు తేనెలో రంగరించి పెట్టడం, పాలపీకకు తేనె రాయడం కూడా ఇందులోకే వస్తాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలి. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అవసరం లేదు.

గర్భిణులు, బాలింతలు తేనె తినవచ్చు. తల్లి పేగులే ఆమెకు రక్షణ. తల్లిపాల ద్వారా బిడ్డకు ఈ వ్యాధి రాదు. అయితే గర్భధారణలో మధుమేహం వచ్చినవారికి 7.6లో చెప్పిన జాగ్రత్తలు వర్తిస్తాయి.

7.8 పువ్వు నుంచే వచ్చే విషం

శిశువులకు ప్రమాదం మట్టి నుంచి వస్తే, కొన్నిచోట్ల ప్రమాదం మకరందంలోనే ఉంటుంది. టర్కీ నల్లసముద్ర తీరంలోనూ, నేపాల్ కొండల్లోనూ రోడోడెండ్రాన్ పూల నుంచి వచ్చే తేనెలో గ్రేయనోటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. క్రీ.పూ. 401లో నల్లసముద్రం దగ్గర ఇలాంటి తేనె తిన్న గ్రీకు సైనికులు మత్తుగా పడిపోయి, తరువాత కోలుకున్నారని వారి నాయకుడు జెనోఫోన్ రాశాడు.

ఈ విషం నాడీ, గుండె కణాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. ఫలితంగా గుండె వేగం, రక్తపోటు పడిపోతాయి. తల తిరగడం, వాంతులు, స్పృహ తప్పడం కనిపిస్తాయి. చికిత్సతో చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. తెలుగు ప్రాంతపు అడవుల్లో ఈ పొదలు పెరగవు కాబట్టి మన తేనెల్లో ఈ భయం లేదు. అయితే శక్తినిచ్చే ఔషధమంటూ ఆన్‌లైన్‌లో హిమాలయ "మత్తు తేనె" అమ్ముతున్నారు. ముఖ్యంగా గుండె జబ్బు, రక్తపోటు మందులు వాడేవారు దాని జోలికి పోకూడదు.

పుప్పొడి పడనివారికి మామూలు తేనె వల్ల కూడా దురద, దద్దుర్లు, అరుదుగా ఊపిరాడకపోవడం రావచ్చు. అలాంటివారు డాక్టరును అడిగి వాడాలి.

7.9 కల్తీ, వేడి

మనదేశంలో తేనె నాణ్యతకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాలు ఉన్నాయి. నీరు 20 శాతం మించకూడదు. నీరు ఎక్కువైతే తేనె పులుస్తుంది. అయినా చక్కెర పాకాల కల్తీ పెద్ద సమస్యగానే ఉంది. 2020 డిసెంబరులో ఢిల్లీకి చెందిన శాస్త్ర, పర్యావరణ కేంద్రం 13 బ్రాండ్లను పరీక్షించి, చాలావాటిలో ఇలాంటి కల్తీ ఉందని ప్రకటించింది. నీటిలో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు వీటిని పట్టుకోలేవు. తేనె గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు. గ్లూకోజ్ స్ఫటికాలుగా మారడం వల్ల అలా జరుగుతుంది.

తేనెను వేడి చేయకూడదని ఆయుర్వేదం చెబుతుంది. వేడికి ఎంజైములు నశిస్తాయి, హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. మన ప్రమాణాల ప్రకారం ఇది కిలోకు 80 మిల్లీగ్రాములు మించకూడదు. గోరువెచ్చని నీటిలో చెంచా తేనె కలుపుకుంటే విషమవుతుందని భయపడనక్కరలేదు.

7.10 సారాంశం

తేనె ప్రధానంగా చక్కెర, కొద్దిగా ఔషధం. ఏడాది దాటినవారికి జలుబు దగ్గులో ఉపశమనం ఇస్తుంది. శుద్ధి చేసిన తేనె కొన్ని గాయాలను మాన్పుతుంది. మధుమేహం ఉన్నవారికి అది లెక్కించవలసిన చక్కెర. ఏడాది లోపు శిశువుకు అది పూర్తిగా నిషిద్ధం.

ఆ విద్యార్థినికి నేను చివరికి చెప్పిన మాట ఇది: "అత్తగారితో వాదించవద్దమ్మా. ఆమె దాచింది ప్రేమతోనే. తేనె చెడిపోదు కాబట్టి ఆ సీసాను అలాగే ఉంచమను. మొదటి పుట్టినరోజు దాటాక ఆమె చేతితోనే బిడ్డ నాలుకకు రాయమను. ఆచారమూ నిలుస్తుంది, బిడ్డా క్షేమంగా ఉంటుంది."

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తేనెను ఔషధంగా వాడటంలోని లాభాలను, పరిమితులను తగిన ఆధారాలతో చర్చించండి.
2. శిశు బొట్యులిజం కలిగే విధానాన్ని, లక్షణాలను, నివారణను వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తేనె నిలవ ఉండటానికి గల నాలుగు కారణాలు రాయండి.
2. మధుమేహ రోగులకు తేనె ఎందుకు సురక్షిత ప్రత్యామ్నాయం కాదు?
3. మీ ఇంట్లో లేదా ఊళ్ళో తేనెను ఔషధంగా వాడే ఒక అలవాటును తీసుకుని, ఎవరికి, దేనికి, ఎంత, ఏ మార్గంలో అనే నాలుగు ప్రశ్నలతో పరిశీలించండి.